కుంపటి ముందు కాళాచారి

పౌను నోటుకు ఇక బంగారం ఇవ్వనని ఇంగ్లండు చెప్పినప్పటి నుంచి, గిద్దలూరు కంసాలి కాళాచారి కొత్త నగ చేసింది లేదు. బంగారం ధర ఎక్కింది, వాన మాత్రం పడలేదు. ఊళ్ళ నుంచి వచ్చే నగలన్నీ ఆయన కుంపట్లో కరిగి, కడ్డీలై, బొంబాయిలో ఓడెక్కుతున్నాయి. ఊదుగొట్టం పెదవికి ఆనించి, సొంతదారు చూస్తుంటేనే ఆయన ఊదుతాడు. వాళ్ళు చూపు తిప్పితే ఆపేస్తాడు. కంసాలి మీద అనుమానం ఊరికి పాతదే. అందుకు ఆయన కోపం తెచ్చుకోడు.

గొర్రెలకు చొప్ప కొనడానికి అంకాలమ్మ, తన పెళ్ళికి ఆయనే చేసిన జూకాలు తెచ్చింది. ఆయన ఒకటి కరిగించే మూసలో వేసి ఊదుతుంటే ఆమె ముఖం పక్కకు తిప్పుకుంది. ఆయన ఆగాడు.

"చూడు అంకాలమ్మా. లేకుంటే రేపు నన్ను దొంగంటావు."

"అంటే అంటాలే గానీ, చూడలేను మామా."

అరుగు మీద కూర్చున్న బంగారం వ్యాపారి రామశేషయ్య నవ్వాడు. "రెండూ కరిగించు ఆచారీ. లండన్ దొరలు మనసు మార్చుకుంటే రేపు ఈ ధర ఉండదు."

అంకాలమ్మ కళ్ళు తుడుచుకుని మూస వైపు చూసింది. జూకా కుంగి, పువ్వులు చెదిరి, ఎర్రటి చుక్కయింది. చల్లారాక ఆ ముద్దనూ, రెండో జూకానూ కాళాచారి ఆమె ముందు పెట్టాడు.

"ఒంటి జూకా ఏం చేసుకోను మామా? నవ్వరా?"

"నవ్వనీ. ఇప్పటి చొప్పకు ఈ ముద్ద చాలు. ఒకటుంటే దాన్ని చూసి ఎప్పటికైనా రెండోది చేస్తా. రెండూ కరిగితే నా చేతికి గూడా గుర్తుండదు."