టీచరుగారు సరిచేసిన ఇయర్‌ఫోన్లు

మా వయొలిన్ టీచరుగారు పోయారని మంగళవారం పొద్దున్న ఆవిడ కోడలు ఫోన్ చేసి చెప్పింది. ఏలూరులో ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్లం చాలామందిమి. ఎవరి జ్ఞాపకాలు వాళ్లకుంటాయి. నాకు మాత్రం నా చవక ఇయర్‌ఫోన్లు చెవిలో పెట్టుకుని ఆవిడ కళ్లు మూసుకుని విన్న సాయంత్రమే పదేపదే గుర్తొస్తోంది.

పాఠం చెప్పేటప్పుడు మే నెలలోనైనా ఫ్యాను ఆపేసేవారు. "చెమట తర్వాత తుడుచుకోవచ్చు, శ్రుతి ఇప్పుడే వినాలి" అనేవారు. నేను పెళ్లయ్యాక మొదలుపెట్టాను. ఆదివారాలు ఆకివీడులో బస్సెక్కి, కొల్లేరు దాటేంతసేపూ ఫోన్‌లో రికార్డు చేసుకున్న నా వాయింపు వింటూ వెళ్లేదాన్ని. పైస్వరాలన్నీ కీచుమనేవి. ఎంత సాధన చేసినా అంతే. చివరికి ఒకరోజు వయొలిన్ పెట్టె కూడా తెరవకుండా, "ఇది నాకు రాదండీ, మానేస్తాను" అన్నాను.

"ఆ కీచు ఎందులో విన్నావమ్మా?"

ఇయర్‌ఫోన్లు ఇచ్చాను. విన్నారు. "ఇది నీ కమాను తప్పు కాదు, వీటి తప్పు. ఎదురుగా కూర్చుని వినేది నేను కదా! ఒకే తీగ మీద కింది నుంచి పైదాకా నిదానంగా జారు చూద్దాం."

ఆవిడ వయొలిన్ తీసుకుని వాయించి, ఫోన్‌లో రికార్డు చేశాను. ఆ రికార్డింగ్ వింటూ ఒకచోట చెయ్యెత్తారు. "ఇదిగో, ఇక్కడ అరుస్తోంది."

ఫోన్‌లో ఏ ధ్వని ఎంత ఉండాలో దిద్దే ఈక్వలైజర్ తెరిపించి, ముందు గుమ్మని మోగే బేస్ కొంచెం తగ్గించారు. నేను పైస్వరాల ట్రెబుల్ మొత్తం కిందికి లాగబోతే ఆపారు. "అరిచేచోటే తగ్గించు. కమాను తీగను తాకే చప్పుడు ఉండాలి. అదీ పోతే వాయించేది మనిషని ఎలా తెలుస్తుంది? సౌండ్ మాత్రం పెంచకు. పెంచితే ఏదైనా బావున్నట్టే ఉంటుంది."

కీచు పోయింది. అంతవరకూ దాని చాటున ఉన్న నా నిషాదం, శ్రుతికి కాస్త కిందే ఉందని తెలిసిపోయింది.

"ఇదే నీ తప్పు. దీన్ని మనం దిద్దుకోవచ్చు" అని నవ్వారు. ఆ పూటే పెట్టె తెరిచాను. ఇప్పుడు ఆకివీడులో నేనూ కొందరికి పాఠం చెబుతున్నాను.

పోయిన నెల చూడ్డానికి వెళితే మంచం మీద ఉన్నారు. మాట సరిగ్గా రావడం లేదు. నా కొత్త రికార్డింగ్ వినిపించాను. కళ్లు తెరవలేదు. ఎడమచేతి వేళ్లు మాత్రం దుప్పటి మీద కదిలాయి, ప్రతి స్వరానికీ నాకన్నా ఒక్క క్షణం ముందే వెళ్లి నిలబడుతూ.