అత్తగారు వెనక మెట్లు దిగిన రోజు

మా అపార్ట్‌మెంట్‌కి రెండు మెట్ల దారులు. లిఫ్టు చుట్టూ తిరిగే ముందు మెట్లు మనుషులకి, వెనక మెట్లు సామానుకి. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల వెనక సందులో అయిదంతస్తుల పాత బిల్డింగు మాది. ఇళ్ళేమో ఇరుకు, పారెయ్యడానికేమో ఎవరికీ చేతులు రావు. అందుకని పాడైన కూలర్లు, గాలి పోయిన సైకిళ్ళు, ఎవరో నాలుగు రోజులు నడిచి మానేసిన ట్రెడ్‌మిల్లు, అన్నీ వెనక మెట్ల మీదే కాపురం పెట్టాయి. మేముండే నాలుగో అంతస్తు మలుపులో నా ఆవకాయ జాడీలు అయిదు. ఆవకాయని సామాను అనకూడదని నా వాదన.

మా వాచ్‌మన్ నెలకోసారి వచ్చి వాటి ముందు నిలబడేవాడు. "అమ్మా, జర గీ జాడీలు లోపల పెట్టుకోండ్రి. రేపు ఏమన్న అయితే జనం ఎట్ల దిగుతరు?"

"ముందు ఆ మూడో అంతస్తు వాళ్ళ సైకిళ్ళు తీయించు, తర్వాత నా దగ్గరికి రా," అనేదాన్ని. నాకు నోరెక్కువని పంజాగుట్ట దాకా తెలుసు.

నోరైతే పెద్దదే గానీ, దాని వెనకాల ఒక భయం ఉండేది. మా అత్తగారికి ఎనభై దాటాయి. మోకాళ్ళు మొరాయించి రెండేళ్ళయింది. లిఫ్టులో దిగి పంజాగుట్ట ఆసుపత్రికి వెళ్ళి రావడం తప్ప ఆవిడ గడప దాటింది లేదు. కరెంటు పోయి లిఫ్టు ఆగినప్పుడల్లా నాకు ఒకటే ఆలోచన: ఏదైనా జరిగితే ఈవిడని ఎలా దింపాలి? జవాబు దొరక్క, ఆ చిరాకంతా ఎవరో ఒకరి మీద చూపించేదాన్ని.

పక్క సందులో ఒక హాస్టల్‌లో పొగ కమ్ముకుని జనం హడావిడి పడ్డాక, మా అసోసియేషన్ వాళ్ళకి బుద్ధి వచ్చి ఫైర్ స్టేషన్‌కి ఉత్తరం రాశారు. ఒక ఆదివారం పొద్దున అధికారి ఒకాయన వచ్చి, సెల్లార్‌లో కుర్చీలు వేయించి పాఠం చెప్పారు. లిఫ్టు ఎక్కకూడదు. నగలనీ కాగితాలనీ వెనక్కి వెళ్ళకూడదు. ముక్కుకి తడిగుడ్డ పెట్టుకోవాలి. "ఇప్పుడు మీ ఇండ్లకు పోండ్రి. గంట కొడతం, వెనక మెట్ల మీదికెల్లి దిగాలె," అన్నారు.

గంట మోగింది. మా ఆయనా నేనూ అత్తగారిని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి ఎత్తాం. సరిగ్గా గుమ్మం దగ్గర ఎదురింటాయన తుమ్మారు. ఆయనకి దుమ్ము పడదు. ఆ వెనక మెట్లు ఊడ్చి ఎన్నేళ్ళయిందో ఏమో.

"ఆగండర్రా," అన్నారు అత్తగారు. "బయల్దేరుతుంటే తుమ్ము. కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి వెళ్దాం."

"అత్తయ్యా, ఇది డ్రిల్లు."

"డ్రిల్లయితే తుమ్ము తుమ్ము కాకుండా పోతుందా?"

కుర్చీ దింపాం. నేను వెళ్ళి నీళ్ళు తెచ్చాను. తుమ్మిన పాపానికి ఎదురింటాయన కూర్చున్నారు, ఆయన భార్య మొహమాటానికి కూర్చుంది. పెద్దావిడని దాటుకుని వెళ్తే ఏం బాగుంటుందని అయిదో అంతస్తు వాళ్ళు మెట్ల మీదే నిలబడిపోయారు. తీరా కదిలాక, నా జాడీల దగ్గర కుర్చీ మలుపు తిరగలేదు. ఇటు రాదు, అటు పోదు.

పై రెండంతస్తుల వాళ్ళెవరూ దిగకపోయేసరికి అధికారే పైకొచ్చి నవ్వారు. "నిజంగ మంటలే అయితే మీరంత ఇంకా పైననే ఉన్నరమ్మా. గీ జాడీలు ఎవరియి?"

అందరూ నావైపు చూశారు. నవ్వాను గానీ సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. అత్తగారికి అడ్డం పడింది ఆవిడ మోకాళ్ళు కాదు, నా ఆవకాయ.

ఆ సాయంత్రమే జాడీలు మంచం కిందికి వెళ్ళాయి. నేను ముందు తీశాను గనక మిగతా వాళ్ళని తిట్టే హక్కు వచ్చింది. దాన్ని ఏ మాత్రం వృథా చెయ్యలేదు. వారం తిరిగేసరికి మెట్లు ఖాళీ. అధికారి చెప్పినట్టు ఎవరు నడవలేరో, వాళ్ళని ఎవరు మోస్తారో ఒక కాగితం మీద రాసి వాచ్‌మన్ గదిలో అంటించాం. మా అత్తగారిని మోసే వంతు వాచ్‌మన్‌కీ ఎదురింటాయనకీ వచ్చింది.

రెండు నెలలు గడిచాయి. ఒక సోమవారం పదకొండింటికి మా ఆయన ఆఫీసులో ఉన్నారు, నేను పప్పుకి పోపు పెడుతున్నాను. కింద మీటర్ల దగ్గర వైర్లు కాలి, ముందు మెట్ల నిండా నల్లటి పొగ లేచింది. లిఫ్టు ఆగిపోయింది. నేను స్టవ్ ఆపేలోగా వాచ్‌మన్ వెనక మెట్లెక్కి రొప్పుతూ వచ్చేశాడు.

"ఫికర్ చేయకుండ్రి అమ్మా, ఫైరింజనుకు ఫోన్ కొట్టినం. పెద్దమ్మ యాడ?"

కుర్చీకి అతనొకవైపు, ఎదురింటాయన ఒకవైపు. నేను తడి తువ్వాళ్ళతో ముందు. గుమ్మం దగ్గర ఎదురింటాయన తుమ్మారు. మామూలుగా కాదు, గోడలు అదిరేలా.

ముగ్గురం ఆగిపోయాం. దాచడమెందుకు, నా కాళ్ళూ ఆగిపోయాయి. కూర్చుందామంటుందేమో ఈవిడ అనుకున్నాను.

అత్తగారు మా మొహాలు ఒకసారి చూశారు. తువ్వాలు పక్కకి తీసి, కొంగు కొస మెలిపెట్టి ముక్కులో పెట్టుకుని, "హాఛ్!" అని తుమ్మారు.

"జంట తుమ్ము, మంచిదే. పదండర్రా!"

నాలుగో అంతస్తు మలుపులో కుర్చీ సాఫీగా తిరిగింది. నేలమీదికి వచ్చాకే మొహం మీంచి తువ్వాలు తీశాను. ఫైరింజను వచ్చింది, పొగ ఆగింది, ఎవరికీ చీమ కుట్టినంత దెబ్బ కూడా తగల్లేదు. నాకు మాత్రం సంతోషం పట్టలేక ఏడుపొచ్చింది.

సందు మొదట్లో టీ బండి పక్కన కుర్చీ వేసుకుని మా అత్తగారు పెళ్ళిపెద్దలా కూర్చున్నారు. వచ్చిన వాళ్ళందరినీ పలకరిస్తూ, టీలో ఉస్మానియా బిస్కట్ ముంచుకుని తింటున్నారు. పక్కన చతికిలబడి, "తుమ్ముల పట్టింపు ఏమైంది అత్తయ్యా?" అన్నాను.

"పట్టింపు లేకేం, ఉంది. కానీ ఆ డ్రిల్లు రోజు ఆపింది తుమ్ముని చూసి కాదే. కుర్చీ ఎత్తగానే నీ చేతులు గజగజా వణికాయి. నా మూలంగా నువ్వు మెట్ల మీద పడతావేమోనని, దొరికిన తుమ్ముని పట్టుకున్నాను."

నాకు నోట మాట రాలేదు. అది మా సందులో ఇదివరకెప్పుడూ జరగలేదు.

అంతలో వాచ్‌మన్ వచ్చాడు. "పెద్దమ్మా, లిఫ్టు సాయంత్రం దాకా రాదంట. ఇప్పుడు సుత మేమే ఎత్తుకపోతం, పోదమా?"

"నాకేం తొందర లేదు నాయనా," అని ఆవిడ నావైపు తిరిగి, "ఇంకో టీ చెప్పవే," అన్నారు.