వాషింగ్టన్ దారిలో కొండల్ రావు గారు

అమెరికాలోని నోవై ఊళ్ళో మా తెలుగు సంఘానికి మొదటి అధ్యక్షుడు కొండల్ రావు గారు. సొంతూరు వరంగల్, ఉద్యోగం కార్ల కంపెనీలో. ఆఫీసులో ఆయన మాట వినేవాడు లేడు. సంఘంలో మాత్రం ఉగాది పులిహోరలో ఇంగువ ఎంత వెయ్యాలో కూడా ఆయనే చెప్పాలి. ఆ కుర్చీ అంటే ఆయనకు ప్రాణం.

1987లో అమెరికా రాజ్యాంగానికి రెండు వందల ఏళ్ళు నిండాయని టీవీ నిండా అదే గోల. కొండల్ రావు గారు లైబ్రరీ నుంచి ఈ దేశపు మొదటి అధ్యక్షుడు వాషింగ్టన్ మీద లావుపాటి పుస్తకం తెచ్చుకుని, కనబడ్డవాళ్ళందరికీ ఆ కథే చెప్పడం మొదలుపెట్టారు. కొత్త ప్రభుత్వం, నెత్తిన అప్పులు, మంత్రుల కీచులాటలు. మొదటి విడత కాగానే వాషింగ్టన్ ఇంటికి పోతానంటే, కీచులాడుకునే ఆ మంత్రులే బతిమాలి ఆపారట.

"అచ్చం నా లెక్కనే!" అని మురిసిపోయారు.

నిజమే. రెండేళ్ళ క్రితం ఆయన "ఇగ నాతోని గాదు" అంటే మేమంతా బతిమాలాం. మనలో వద్దన్నవాడికే కదా కొసరి వడ్డిస్తాం!

ఈసారి ఎన్నికల ముందు ఆయన భార్య లలిత గారు నా ఎదుటే హెచ్చరించారు. "ఎందుకొచ్చిన నాటకం? ఉంటనని చెప్పరాదుండ్రి."

"నోరు తెరిచి అడుగుతరా ఎవరన్న? మనోళ్లు ఊకుంటరా లలితా!"

స్కూల్ కెఫెటేరియాలో మీటింగ్. ఆయన మళ్ళీ వాషింగ్టన్ కథ చెప్పి, "రెండు టర్మ్‌లు చాలు. ఇగ నన్ను వదిలెయ్యుండ్రి" అని భీమశంకర్ గారి వైపు చూశారు. కిందటిసారి అందరికంటే ఎక్కువ బతిమాలింది ఆయనే.

భీమశంకర్ గారు లేచారు. కళ్ళు చెమర్చాయి. "వాషింగ్టన్ కూడా రెండు టర్మ్‌లకే దిగిపోయాడండీ! ఈ రోజుల్లో ఇలాంటి మనిషి ఉంటాడా?" అంటూ చప్పట్లు మొదలుపెట్టారు. హాలంతా లేచి నిలబడింది. కొండల్ రావు గారు ఏమీ అర్థంకాక మాతోపాటే చప్పట్లు కొట్టారు.

తర్వాత కొత్త అధ్యక్షురాలిగా మా సంఘం కార్యదర్శి శశికళ పేరు ఎవరో ప్రతిపాదించారు. "అయ్యో, నాకెందుకండీ!" అందామె. ఒప్పుకునేదాకా ఒక్కరూ వదల్లేదు. ఇదెక్కడి న్యాయమో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

తిరిగి వచ్చేటప్పుడు కొండల్ రావు గారు, లలిత గారు వాళ్ళ కార్లోనే నన్ను ఎక్కించుకున్నారు. సిగ్నల్ దగ్గర ఆగాక కొండల్ రావు గారు మెల్లగా అడిగారు.

"లలితా, రెండోసారి పోతనన్నప్పుడు వాషింగ్టన్‌ను ఎవ్వరు ఆపలేదా?"

"ఆపుదామనే చూసిన్రట. ఆయనకు నిజంగనే ఇంటికి పోవాలని ఉండె. మీరే చెప్తిరి గద."

లైటు పచ్చగా మారింది. కారు కదల్లేదు.

"మరి నాకు ఏం కావాలని ఉండె లలితా?" అన్నారాయన.