కొత్త పెట్టని సొరకాయ

మాఘమాసం వెళ్ళేసరికి మా ఊరి వాగు సన్నబడుతుంది. నీళ్ళు వెనక్కి తీసిన చోట ఒడ్డు వెంబడి ఒండ్రుమట్టి నల్లగా, మెత్తగా తేలుతుంది. ఆ మట్టి ఎవరి పట్టాలోనూ లేదు. ఏటా ఒక ఉదయం ఊరి పెద్దయ్య తాడు పట్టుకొని వాగులోకి దిగి, భూమి లేని ఇళ్ళకూ, ఉన్నా చాలని ఇళ్ళకూ దాన్ని మడులుగా పంచుతాడు. మళ్ళీ వానలు పడి వాగు వచ్చేదాకా ఆ మడి మనది. వచ్చాక ఎవరిదీ కాదు. నేను ఈ ఊరికి కోడలిగా వచ్చి పన్నెండేళ్ళయింది. పన్నెండు వేసవులూ మా ఇంటి కూర ఆ మట్టిలో నుంచే వచ్చింది. దానికి నేను రోజూ దండం పెట్టుకుంటాను, పైకి కనబడకుండా, ఇసుకలో తవ్విన చెలిమలో నీళ్ళు ముంచుకునేటప్పుడు.

మా ఆయన జూలూరుపాడు వైపు మిరప ఏరడానికి పోతాడు. ఆ పని అయిపోతే అడవిలో బీడీల తునికాకు కోత మొదలయ్యేదాకా చేతులు ఖాళీ. ఆ ఖాళీ రోజుల్లో సంతకు పోయి కూరగాయలు కొనే మాట మా ఇంట్లో లేదు. మడిలో దోస, బీర, బొబ్బర్లు, గోంగూర వేస్తాం. అన్నిటికన్నా ఎక్కువ ఆదుకునేది సొర. ఒక్క సొరకాయతో మా అత్తమ్మ రెండు పూటలు గడుపుతుంది. ముక్కలు పప్పులోకి, చెక్కు నువ్వులతో నూరి పచ్చడికి. కాయ కాస్త ముదిరితే లోపలి గింజలు వేయించి, ఉప్పు చల్లి మా పిల్ల చేతిలో పోస్తుంది. తొడిమ మేకకు వేస్తుంది. దేవుడిచ్చినదాంట్లో పారేసేది ఏదీ ఉండదని ఆమె నమ్మకం. ఆమె వంట చూసి నేనూ నమ్మాను.

అత్తమ్మకు కళ్ళు మసకబారి నాలుగేళ్ళు. విత్తనాలు మాత్రం ఇప్పటికీ ఆమే దాస్తుంది. సొర విత్తనాలు మా ఇంట్లో రెండు రకాలు. ఒకటి కూర సొర. రెండోది బుర్ర సొర, అంటే ఎండబెట్టి, లోపల తోడేసి, అడవికి పోయేటప్పుడు నీళ్ళు పోసుకొని తీసుకుపోయేది. దాన్ని మడుల్లో వెయ్యం, దూరంగా అడవి అంచున వేస్తాం. బుర్ర సొర కాయ చేదు. వట్టి చేదు కాదు, తెలియక తింటే కడుపు చెడి, వాంతులతో దవాఖానాకు పరుగెత్తాల్సిన చేదు. విత్తనం చూస్తే రెండూ ఒకటే. తీగా ఒకటే, లేత కాయా ఒకటే. ముదిరాక బుర్రకు మెడ సాగుతుంది కానీ, అప్పటికి కూర కాలం దాటిపోతుంది. అందుకని అత్తమ్మ కూర గింజలు తెల్లగుడ్డలో, బుర్ర గింజలు ఎర్రగుడ్డలో మూటలు కట్టి పొయ్యి పైన దూలానికి వేలాడదీసేది.

ఆ రెండు గుడ్డలూ పొగకు మసిబారి ఒకే రంగుకు వచ్చాయి. పోయిన ఏడు ఇల్లు అలికే రోజున నేను వాటిని దించాను. లోపలి రంగు చూసి, గింజలను చాటలో రెండు కుప్పలుగా పోసి, గుడ్డలు ఉతికి, ఆరేసి, సాయంత్రం మళ్ళీ మూటలు కట్టాను. చేసిన పని అంతే. మంచి గుడ్డ చింపి కొత్త మూట కట్టడం ఇష్టంలేక, పాతదాన్నే ఉతికి వాడుకునే పొదుపు నాది.

వారం తిరక్కుండా మడులు పంచారు. పక్క మడుల నలుగురు ఆడవాళ్ళు సొర గింజలు అడిగితే తెల్లమూట విప్పి ఇచ్చాను. ఇచ్చేటప్పుడు మంచివి ఇవ్వాలని మా అమ్మ చెప్పేది, అందుకని పైన ఉన్న నిండు గింజలు ఏరి వాళ్ళకిచ్చి, అడుగున మిగిలినవి నేను వేసుకున్నాను. ఒక్కో మడిలో మూడు గుంటలు, గుంటకొక తీగ. అయిదు మడులకు పదిహేను తీగలు. ఆ ఏడు అవి ఎంత బాగా పాకాయో. పొద్దుగూకితే తెల్లటి పూలు, వారానికి గుప్పెడంత పిందెలు.

పిందెలు పడ్డాక ఒకరోజు అత్తమ్మ ఎవరికో బుర్ర గింజలు ఇవ్వాలని ఎర్రమూట అడిగింది. అందించాను. ఆమె విప్పలేదు. ముడి మీద వేళ్ళు పెట్టి ఆగిపోయింది.

"దీన్ని ఎవరు విప్పిండ్రే? నేను మూడు ముళ్ళు ఏస్త. దీనికి రెండే ఉన్నయ్."

"నేనే అత్తమ్మా. గుడ్డ మాసిందని ఉతికిన."

"రెండు మూటలు ఒక్కపారే విప్పినవా?"

అవ్ అన్నాను. ఆమె మూట విప్పకుండానే తిరిగి నా చేతిలో పెట్టింది. నాకు ఆ సాయంత్రం కళ్ళ ముందు కదిలింది. ఒకే చాట, రెండు కుప్పలు. మధ్యలో నేను పిల్లకు అన్నం పెట్టడానికి లేచాను, చాటను గోడకు జరిపాను. తిరిగి వచ్చాక ఏ కుప్ప ఏ పక్కన ఉందని నిలబడి చూసినట్టు గుర్తు రాలేదు. నేను బడికి పోలేదు. మా నాన్న ఇంట్లోనే, పాత క్యాలెండర్ కాగితాల వెనుక నాకు అక్షరాలు దిద్దించాడు. కళ్ళు కనబడని అత్తమ్మ ముళ్ళతో గుర్తు పెట్టుకుంటే, అక్షరం వచ్చిన నేను ఒక కాగితం ముక్క మీద 'కూర' అని రాసి మూటలో వెయ్యలేకపోయాను.

ఒక్క ముక్క కోసి నాలుకకు తగిలిస్తే తేలిపోయే సంగతి. కానీ తగిలించకూడదు. మా ఊళ్ళో కొత్త కాయ ఏదైనా ముందు ముత్యాలమ్మకు పెట్టాలి. దాన్నే 'కొత్త' అంటాం. మడుల వాళ్ళందరూ కాయలు తెచ్చి, అమ్మ దగ్గర ఒకే కుండలో వండి, ఆమెకు పెట్టాకే ఎవరైనా నోట పెట్టేది. అంతదాకా పసిపిల్లకు కూడా పెట్టరు. ఆ ఏటి కొత్తకు ఇంకా పద్దెనిమిది రోజులుంది.

ఆ పద్దెనిమిది రోజులు నేను అన్నం తిన్నానో లేదో గుర్తు లేదు. చేదైతే అయిదిళ్ళకు ఆ వేసవి కూర లేదు. మళ్ళీ విత్తుదామంటే ఒండ్రులో తడి అప్పటిదాకా నిలవదు. ఆకు నమిలి చూశాను, ఆకుకు అడ్డు లేదు కదా అని. రెండు రకాల ఆకూ ఒకే వగరు. ఒక పొద్దున కాయ లేతదా కాదా అని గోరు గుచ్చాను. గోటి మీద నీటిబొట్టులా రసం నిలిచింది. చుట్టూ ఎవరూ లేరు. చెయ్యి పెదవి దాకా వచ్చింది. రామయ్య తండ్రీ, ఈ చెయ్యి పట్టుకో అనుకున్నాను. పోయి చెలిమలో కడుక్కున్నాను.

అందరికీ చెప్పాలా వద్దా అని అత్తమ్మనే అడిగాను.

"చెప్తే తిడ్తరు. చెప్పకుంటే తింటరు," అంది. "ఏది నయమో నువ్వే చూస్కో."

మర్నాడు చెలిమ దగ్గర నలుగురూ ఉన్నప్పుడు చెప్పాను. పక్క మడి అక్క నోరు పదునైన మనిషి, మనసులో ఏదీ దాచుకోదు. ఆమె బిందె దించి నన్ను పైనుంచి కిందికి చూసింది.

"సబ్బు గుడ్డలకే పెట్టినవా చెల్లె, ఇత్తులకు గూడ పెట్టి తోమినవా?"

మిగతావాళ్ళు నవ్వారు. నవ్వు ఆగాక ఎవరి లెక్కలో వాళ్ళు పడ్డారు. అక్క ఇంట్లో తినే నోళ్ళు ఆరు. ఆమె బిందె ఎత్తుకొని వెళ్ళిపోయింది. ఆ తర్వాత మా మడుల మధ్య గట్టు మీద ఎదురుపడ్డా పలకరించలేదు. ఆమె తిడితే బాగుండునని ఆ రోజుల్లో ఎన్నిసార్లు అనుకున్నానో.

పెద్దయ్య దగ్గరికి కూడా పోయాను. నా భయం ఒక్క కూర గురించే కాదు. ఒకే కుండలో వండుతారు కదా, ఒక్క చేదు కాయ పడితే అమ్మకు పెట్టే కుండంతా విషమవుతుంది. ఆయన బుట్ట అల్లుతూ అంతా విన్నాడు.

"వండి పెట్టుడు మన అలవాటు, బిడ్డా. అమ్మ అడిగిందేం గాదు," అన్నాడు. "ఈసారి కాయలు పచ్చియే ముందట పెడ్తం. ఆమె చూసినంక నాలుకకు అడ్డం లేదు. కుండల ఏసే ముందు ఒక్కోటి నేనే చూస్త."

ప్రతి తీగ నుంచీ ఒక కాయ తెమ్మన్నాడు. అమ్మకు ఒకటి చాలు, మీకు పదిహేను కావాలి అన్నాడు. ఆయన నోటి నుంచి నాకు ఒక్క గద్దింపు రాలేదు. ఇప్పటికీ ఆయనను తలుచుకుంటే చేతులు వాటంతట అవే జోడవుతాయి.

కొత్త రోజున మోదుగాకులు పరిచి, ఎవరి ఆకు మీద వాళ్ళ మూడు కాయలు పెట్టాం. పసుపు, కుంకుమ, కొబ్బరికాయ అయ్యాయి. పెద్దయ్య కత్తి కడుక్కొని కూర్చున్నాడు. తొడిమ దగ్గర పలుచగా కోసి నాలుక చివర పెట్టుకోవడం, కాసేపు కళ్ళు మూసుకోవడం, కమ్మగా ఉంటే కాయను కుడివైపు పెట్టడం. ఆయన ముఖంలో ఏమీ తెలిసేది కాదు, కాయ ఏ పక్కకు పోతుందో అదే చూడాలి. అక్క కాయలు ముందు. ఒకటి కుడికి, రెండోది కుడికి. మూడోదానికి ఆయన కాస్త ఎక్కువసేపు ఆగాడు. అక్క కొంగు నోట్లో కుక్కుకుంది. అదీ కుడికే. అట్లా పన్నెండు కాయలూ కుడికి పోయాయి.

ఇక నావి. మొదటిది కుడికి పోయింది. రెండోదానికి ఆయన మొహం చిట్లించి పక్కకు ఉమ్మి, నీళ్ళు అడిగాడు. మూడోదానికీ అంతే. ఆ రెండూ ఎడమ పక్క పెట్టాడు.

నేను ఇసుకలో కూర్చుండిపోయాను. ఏడుపనుకొని ఎవరో నీళ్ళు అందించారు. అది ఏడుపు కాదు. ఒంట్లో నుంచి ఏదో బరువు దిగిపోయిందంతే. చేదంతా వెతుక్కుంటూ వచ్చి నా ఆకు మీదే పడింది. ఎట్లా జరిగిందో రూఢిగా చెప్పలేను. మూటలు మారలేదని, చాట అంచున చెదిరిన కొన్ని బుర్ర గింజలు మాత్రమే తెల్లమూట అడుగుకు చేరాయని, పైవి ఏరి ఇచ్చినందుకు నలుగురూ బయటపడ్డారని అత్తమ్మ అంటుంది. నేను అమ్మ దయ అంటాను. రెండూ ఒకటే కావచ్చు.

అక్క వచ్చి నా పక్కన కూర్చుంది. ఎన్నో రోజులకు నోరు విప్పింది.

"నీ ఇంటి మురికి నీ ఇంట్లనే ఉండిపోయింది చెల్లె. మంచిగనే ఉతికినవ్."

ఇద్దరం నవ్వాం. కుండలో పదమూడు కాయలు, కొత్త బొబ్బర్లు, పచ్చిమిర్చి పడ్డాయి. అమ్మకు పెట్టాక ఆకులు వేశారు. అత్తమ్మ రెండుసార్లు వడ్డించుకుంది. మా ఆయన నా వైపు చూసి, ఇప్పటికైనా తిను అన్నట్టు ఆకు ముందుకు తోశాడు. ఆ రోజు సొరకాయ కూర రుచి నేను మాటల్లో పెట్టలేను. ఉప్పు కాస్త తక్కువైందని మాత్రం గుర్తుంది.

చేదు తీగలు రెండూ పీకెయ్యమన్నాడు పెద్దయ్య. వాటి పూల పుప్పొడి కలిస్తే వచ్చే ఏడు విత్తనం అందరిదీ చెడుతుందట. కొడవలి పట్టుకొని మడిలో నిలబడ్డాను కానీ చెయ్యి ఆడలేదు. నిండు కాపు మీదున్న తీగలు. మేక కూడా తినని కాయలే అయినా, నేను వచ్చినప్పటి నుంచీ తొడిమ కూడా పారెయ్యని ఇల్లు మాది. అక్క గట్టు దాటి వచ్చి కొడవలి లాక్కుంది. "లే, నీకు చేతులు రావు," అని రెండు తీగలనూ మొదళ్ళతో పెరికి, కాయలతో సహా గుంటలో పూడ్చింది. ఖాళీ అయిన చోట తోటకూర చల్లాం. అది త్వరగా వస్తుంది, తక్కువ నీళ్ళు అడుగుతుంది. వచ్చే ఏటికి సొర విత్తనం తన ఇంటి నుంచే వస్తుందని, నేను ముట్టుకోవద్దని కూడా అక్క అక్కడే చెప్పేసింది. అత్తమ్మకు కొంచెం చిన్నతనమనిపించింది కానీ ఒప్పుకుంది.

మిగిలిన ఒక్క తీగ మా ముగ్గురు పెద్దవాళ్ళకూ పిల్లకూ చాలదు. నేను అడగలేదు. అయినా రోజు విడిచి రోజు పొద్దుటే మా మడి గట్టు మీద ఒక సొరకాయ ఉండేది, ఒకసారి అక్కది, ఒకసారి మిగతావాళ్ళది. అక్క పెట్టిన కాయను చూడగానే గుర్తుపట్టేదాన్ని. దానికి తొడిమ దగ్గర గోరంత కోత ఉండేది. ముందు తాను రుచి చూసి పెట్టేది. నేను ఇంటికి తెచ్చి, ఆ కోత పక్కనే ఇంకొక పలుచటి ముక్క కోసి నాలుకకు తగిలించుకొని, కమ్మగా ఉందని తెలిశాక పొయ్యి అంటించేదాన్ని.