చిప్‌లో మేస్త్రి

2013 ఏప్రిల్‌లో, కోదాడలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో, నలుగురి ముందు వసంతను దొంగను చేశారు.

ఆ కాలేజీలో ప్రాజెక్టు చేయడమంటే హైదరాబాదు బస్సెక్కి కొనుక్కురావడం. అడగబోయే ప్రశ్నలకు జవాబులు కూడా షాపువాడే అచ్చువేసి ఇస్తాడు. తరగతి తరగతంతా అవి బట్టీపట్టి గడగడ అప్పజెప్పింది. వసంత ఒక్కతే సొంతంగా చేసింది కనుక ఆమె దగ్గర అచ్చు జవాబుల్లేవు.

ఆమె చేసిన చిప్‌లో ఒక పెద్ద ప్రాసెసర్, మూడు చిన్నవి. పెద్దది వేగమే కానీ కరెంటు తాగుతుంది. ఏ పని ఎవరికివ్వాలో మామూలుగా సాఫ్ట్‌వేర్ చెబుతుంది. ఆ చెప్పడానికీ సమయం పోతుంది. అందుకని నాట్లకు కూలీలను పంచే మేస్త్రిలాంటి సర్క్యూట్‌ను వసంత చిప్‌లోనే పెట్టింది.

మిర్యాలగూడ నుంచి వచ్చిన ఎగ్జామినర్ జగన్మోహన్ కాగితాలు తిరగేశాడు.

"పెద్ద ప్రాసెసర్ కలిపాక పని ఇంకా ఆలస్యమైందేంటమ్మా?"

"తెల్వదు సార్. నేను గూడ గదే ఎతుకుతున్న."

"కొనుక్కొచ్చినవాళ్లకి ఎట్లా తెలుస్తుందిలే. ఏ షాపు?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆ నవ్వినవాళ్లలో షాపు గడప తొక్కనివాడు ఒక్కడూ లేడు. జగన్మోహన్ పాసు మార్కులు పడేసి పంపించాడు.

అవమానం కన్నా ఆ ప్రశ్నే వసంతను ఎక్కువ తొలిచింది. బలమైన కూలీ వస్తే పని త్వరగా కావాలి కదా? లోపలి సర్క్యూట్‌ను ఎన్నిసార్లయినా మార్చుకోగల ఆ చిప్ ఉన్న కాలేజీ బోర్డును, గైడు కృష్ణకుమారి మేడం వేసవి సెలవులకు ఇంటికి తీసుకెళ్లనిచ్చింది. కాలేజీ తెరవగానే తిరిగివ్వాలి. చదువు అయిపోయింది కనుక ఆ తర్వాత అలాంటి బోర్డు ఆమె చేతికి రాదు. సూర్యాపేటలో బస్సు మారి, దాన్ని ఒడిలో పెట్టుకుని ఆత్మకూరు చేరింది.

అంతవరకు మొత్తం పనికి ఎంతసేపు పట్టిందనే చూసింది. ఇప్పుడు, ఒక పని ఒక ప్రాసెసర్ నుంచి ఇంకోదానికి మారినప్పుడల్లా వెలిగేలా లైటు పెట్టింది. కరెంటు ఉన్నప్పుడు నడపడం, పోయినప్పుడు ఆలోచించడం. ఒక పొద్దున తల్లి ముత్తమ్మ తొంగిచూసింది.

"ఏందే, గా లైటు ఆరనే ఆరదు?"

వసంత చెయ్యి ఆగిపోయింది. వెలిగి ఆరాల్సిన లైటు అది. కంటికి అందనంత వేగంగా పనులు చోటు మారుతున్నాయన్నమాట. పెద్దది కాస్త ఖాళీ అయితే చాలు, మేస్త్రి చిన్నదాని చేతిలోని పని లాగి దానికిస్తున్నాడు. బరువైన పని రాగానే, లాగినదాన్ని మళ్లీ వెనక్కి నెడుతున్నాడు. నెట్టినప్పుడల్లా ఆ పనికి కావలసిన లెక్కలు పాతచోటే ఉండిపోతాయి, మళ్లీ మోసుకురావాలి.

"పని తక్వ, తిరుగుడు ఎక్వ అమ్మా."

"అయితే మీ నాయిన మంద పెట్టినట్టే," అంది ముత్తమ్మ. ఎరువు కోసం రైతులు తమ చేలల్లో గొర్రెలను పడుకోబెట్టించుకుంటారు. "ఎవలు పిలిస్తే వాళ్ల చెల్కకు తోలుతడు. గొర్లు నడుసుడే గాని మేసుడు లేదు. గా మాటంటే నా మీదికొస్తడు."

ఒకచోట పెట్టిన పనిని కొంతసేపు అక్కడే కుదురుకోనివ్వాలని వసంత సర్క్యూట్ మార్చింది. లైటు ఎప్పుడో ఒకసారి వెలిగింది. పెద్ద ప్రాసెసర్ తన బలం చూపించింది.

జూన్‌లో బోర్డు తిరిగివ్వడానికి వెళితే, తప్పినవాళ్ల పరీక్షకు జగన్మోహన్ మళ్లీ వచ్చి ఉన్నాడు. ఆమె రెండు రకాలుగా నడిపి చూపించింది. ఆయన కుర్చీ దగ్గరకు లాక్కుని చూశాడు.

"నువ్వే చేశావన్నమాట. కానీ మార్కులు వెళ్లిపోయాయమ్మా. ఇప్పుడు మార్చే రూలు లేదు."

దొంగ అనడానికి ఏ రూలూ అడ్డురాలేదు. కాదనడానికి మాత్రం అడ్డొచ్చింది.

ఆ తర్వాత వాళ్లిద్దరూ కలుసుకోలేదు. ఆ రోజు వసంత ఆయనతో అన్నది ఇంతే:

"మార్కులకు రాలేదు సార్. పెద్దవి రెండు పెడితే ఎట్లుంటదో సూడాలె. జర మేడంకు చెప్పి బోర్డు ఇంకొన్ని దినాలు ఇప్పియ్యండ్రి."