వదినెకు ఒప్పజెప్పిన ఇంగ్లీషు

సూర్యాపేటల మా వాడకట్టంత నన్ను ఇంగ్లీషుల పులి అని నమ్మింది. నేను కూడ నమ్మిన. తప్పు నా ఒక్కనిదే కాదు. మా నాయిన గొంతు మీద నమ్మకమున్న మనిషి. ఆయన బడి మొహం చూడలే. ఎడ్లబండి మీద ధాన్యం తోలేటోడు. ఆయన లెక్కల చదువంటే బయటికి వినబడేది. తెల్లారకముందే నన్ను లేపి అరుగు మీద కూసోబెట్టి, తాను ఎడ్లకు గడ్డి వేసుకుంట వినేటోడు. నా గొంతు జర తగ్గితే కొట్టంలకెల్లి ఒక దగ్గు వచ్చేది. ఇంకా తగ్గితే మాట వచ్చేది.

"ఏమ్రా, నిద్రపోతున్నవా? గట్టిగ సదువు. నాలుగిండ్లకు ఇనబడాలె."

నాలుగిండ్లకు వినబడింది. నా చెవికే ఎక్కలే.

అప్పట్ల మా బడిల చదువంత ఉర్దూల నడిచేది. ఇంగ్లీషు పాఠం కూడ ఉర్దూలనే చెప్పేటోళ్లు. సారు ఒక ఇంగ్లీషు వాక్యం చదివి దాని అర్థం ఉర్దూల చెప్తే, మేము పుస్తకం అంచున పెన్సిల్‌తోటి ఉర్దూల రాసుకునేది. ఇంటికొచ్చి ఇంగ్లీషునూ ఉర్దూనూ రెండిటినీ బట్టీ పట్టేది. ఇంట్ల మాట్లాడే తెలుగుకు ఈ బేరంల పనే లేదు. "ఈ మాటకు తెలుగుల ఏందిరా?" అని ఒక్క మనిషి అడగలే. నాకు కూడ ఆ తలంపు రాలే. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే మండుతది.

రజాకార్ల గొడవల్ల మా బడి చాన్నాళ్లు మూతబడ్డది. యూనియన్ ఫౌజులు వచ్చినంక తెరిచిన్రు. పాత సారు కనబడలే. బెజవాడ దిక్కుకెల్లి కొత్త సారు వచ్చిండు. తెల్లటి పంచె, చేతిల గొడుగు, ఎప్పుడు చూసినా ఏదో నొప్పి ఓర్చుకుంటున్నట్టు మొహం. ఆయనకు ఉర్దూ ఒక్క ముక్క రాదు. వచ్చిన మొదటి వారమే, "ఈ క్లాసులో ఇంగ్లీషు బాగా వచ్చినవాడెవడు?" అని అడిగిండు. అందరు నా దిక్కు చూపిచ్చిన్రు. నేను లేచి, పుస్తకం మూసి, ఒక పాఠం మొదటి నుంచి చివరిదాక అప్పజెప్పిన.

ఆ పాఠంల సముద్రం నడుమ ఒక రాతి గుట్ట, దాని మీద దీపం కాసే ముసలాయన ఉంటడు. ఓడలకు దారి చూపే దీపం అది. తుఫాను రాత్రి నూనె అయిపోతది. ఆయన తన పడవను గొడ్డలితోటి పగలగొట్టి, ఆ చెక్కలు కాలవెట్టి, తెల్లారేదాక మంట ఆరకుండ చూస్తడు. ఓడలన్ని బతుకుతయి. పొద్దు పొడిచినంక ముసలాయన ఒక్కడే కూసోని ఏడుస్తడు. పాఠం అక్కడికి ఖతం. ఇదంత నేను ఇప్పుడు చెప్తున్న. ఆనాడు నాకు ఇందులో ఒక్క ముక్క తెల్వదు.

సారు నన్ను కూసోమనలే. "బాగుంది. ఆ ముసలాయన ఎందుకు ఏడ్చాడోయ్?" అన్నడు.

నేను మళ్ల మొదటి నుంచి అప్పజెప్పుడు మొదలుపెట్టిన.

"ఆగాగు. పాఠం వద్దు. ఎందుకు ఏడ్చాడు?"

ఇంకోసారి మొదటి వాక్యం అందుకున్న. క్లాసంత నవ్విన్రు. సారు రెండు చేతులతోటి తల పట్టుకున్నడు. ఆర్నెల్ల పరీక్షల నాకు పద్నాలుగు మార్కులొచ్చినయి.

సెలవులకు మిర్యాలగూడ పోయిన. మా అన్న అక్కడ తాలూకా కచేరీల గుమస్తా. సంసారానికి ఇల్లు దొరకలేదని ఒక అర్ర కిరాయికి తీసుకుని ఒక్కడే ఉండేటోడు. వదినె మా దగ్గర సూర్యాపేటల ఉండేది. నా మార్కులు విని అన్న కోపం చేయలే. అదే కొంప ముంచింది. కోపం చేసి వదిలేస్తే బాగుండు. ఆయన ఉపాయం చెప్పిండు.

"ఒక్కొక్క పాఠం పదిసార్లు రాయి. చెయ్యికి అలవాటైతే తలకాయకు దానంతటదే ఎక్కుతది."

రాసిన. మూడోసారికే చెయ్యి రాస్తుంటె కన్ను కిటికీల నుంచి బజారు చూసేది. ఏడోసారి రాసిన దాంట్ల మొదటిసారి చేసిన తప్పులే ఉన్నయి, ఇంకా అందంగ. ఇది చాలదన్నట్టు అన్న కచేరీల ఎవరినో అడిగి ఒక ఇంగ్లీషు నిఘంటువు తెచ్చిండు. ముందటి పుటలన్ని చెదలు తిన్నయి. దొరికిన కాడికెల్లి రోజుకు ఇరవై మాటలు బట్టీ పట్టుమన్నడు. పట్టిన. ఆ మాటలు ఏ పాఠంల రాలే, ఏ పరీక్షల రాలే, ఈ వయసు దాక నాకు ఎక్కడా ఎదురు పడలే. పదిహేను దినాలు గట్ల మన్నుల కలిసినయి.

తిరిగొచ్చినంక ఒక పొద్దుగాల అరుగు మీద అదే పాఠం అరుస్తున్న. వదినె వాకిట్ల చాటతోటి బియ్యం చెరుగుతున్నది. ఆమె పుట్టిల్లు కోదాడ అవతల ఊరు. కృష్ణ జిల్లల ఉన్న మేనమామ ఇంట్ల ఉండి నాలుగో తరగతి దాక తెలుగు చదువుకున్నది. ఇంగ్లీషు అక్షరం తెల్వదు. చాట ఆపి నా దిక్కు చూసింది.

"అబ్బాయ్, ఆర్నెల్ల నుంచి ఈ ఒక్క పాఠమే వింటున్నా. ఏంటి దీంట్లో కథ?"

"నీకు తెల్వదులే వదినె. ఇంగ్లీషు."

"తెలియదు కాబట్టేగా అడుగుతున్నా. తెలుగులో చెప్పు."

చెప్పబోయిన. తెలుగు మాటలు దొరకలే. అంచున రాసుకున్న ఉర్దూ ముక్కలు చూసుకుంట, "ఒక మీనారు ఉంటది. మీనారు మీద ముసలాయన ఉంటడు" అన్న.

"మసీదు మీదా? ఎందుకున్నాడక్కడ?"

"ఏమో. ఉన్నడు. ఆయన కుస్తీని పగలగొట్టి కాలవెట్టిండు."

వదినె చాట కింద పెట్టింది. "కుస్తీని కాలబెట్టాడా?"

"అట్లనే రాసుకున్న."

"కుస్తీని ఎట్లా కాలబెడతారయ్యా!"

నాకు ఒళ్లు మండింది. పుస్తకం విసిరేసి, "ఇంగ్లీషుల గట్లనే ఉంటది, నీకేం తెలుసు" అని లేచిన. ఆమె కొంచెం కూడ జంకలే. "పుస్తకం తియ్యి. ఆ మాట ఇంకెక్కడెక్కడ వచ్చిందో చూడు" అన్నది. చూసిన. అది నీళ్ల మీద తేలుతున్నది. దానికి తెడ్లున్నయి. అప్పుడు తలకెక్కింది. ఉర్దూల పడవకూ కుస్తీకీ రాత ఒక్కటే. కష్తీ అని చదువుమంటే కుస్తీ అని చదివి, అన్ని నెలలు ఒక ముసలాయనతోటి కుస్తీని కాలవెట్టించిన. మసీదు కాదు, ఓడలకు దీపం చూపే మీనారు. ఉర్దూ రాదనలేను, ఇంగ్లీషు రాదనలేను. తలకాయ లేదని మాత్రం అనొచ్చు.

కథ మొత్తం వదినెకు తెలుగుల చెప్పిన. ఆమె చిన్నప్పుడు కృష్ణ దాటుకుంట పడవల తిరిగిన మనిషి. చివరికొచ్చి, "పొద్దు పొడిచినంక ఏడ్చిండు. ఎందుకేడ్చిండో పుస్తకంల లేదు" అన్న.

"పుస్తకంలో ఎందుకుండాలి? ఉన్న ఒక్క పడవా పోయింది. ఇక ఇంటికెట్లా పోతాడు? ఏడవక నవ్వుతాడా?"

చాట తీసుకుని మళ్ల బియ్యం చెరుగబట్టింది. నేను అక్కడనే నిలబడ్డ. సారు అడిగింది ఇదే.

ఆనాటి నుంచి నాకు విడుదల లేదు. ఆమె ఏ పని మీదున్నా, నేను ఒక పాఠం చదివి, పుస్తకం మూసి, ముందు తెలుగుల చెప్పాలె. ఎక్కడ నీళ్లు నమిలితే అక్కడ ఒక చింతగింజ తీసి పక్కకు పెట్టేది. అయిపోయినంక గింజలు లెక్కబెట్టి, "ఇవి చూసుకుని రా" అనేది. చూసుకుని వస్తే ఆ ముక్కలే అడిగేది. సరే అయిపోయింది కదా అనుకుంటే మరునాడు నిన్నటి గింజలు మళ్ల అడిగేది. వారం తిరిగినంక ఇంకోసారి అడిగేది.

"చెప్పిన కదా వదినె!"

"మొన్న చెప్పావు. ఇవాళ ఉందో లేదో నాకేం తెలుసు?"

చూస్తే సగం ఉండేది కాదు. అది ఇంకా మంట.

తెలుగుల కుదురుకున్నంక అదే కథ ఇంగ్లీషుల చెప్పాలె, పుస్తకం మాటలతోటి కాదు, నా మాటలతోటి. ఆమెకు ఒక్క ముక్క తెల్వదు కదా, ఏదో ఒకటి అనేస్తే అయిపోతదనుకున్న. ఒకనాడు గట్లనే అన్న. ఆమె నా మొహం చూసుకుంట విని, "ఇప్పుడు అన్నది అయిపోయిన పనా, అవుతున్న పనా, కాబోయే పనా?" అని అడిగింది. నేను తడబడ్డ. గింజ పడ్డది. బడిల సారు వారమంత నల్లబల్ల మీద గీతలు గీసి చెప్పిన కాలాలు నాకు గా చింతగింజలతోటి వచ్చినయి.

నాయినకు ఇదేం నచ్చలే. "గొంతు ఇనబడ్తలేదు. సదువుతున్నవా, ఆడోళ్లతోటి ముచ్చట్లు పెడ్తున్నవా?" అనేటోడు. ఆయన కోసం తెల్లారగట్ల గంటసేపు అరిచి, తర్వాత వదినె దగ్గర చదివేది.

ఏడాది పరీక్షలు రెండు నెలలున్నయనంగ వదినెను కాన్పుకు కోదాడ తోలిన్రు. నాకు ఒక్కసారే సుఖం, దుఃఖం రెండూ అయినయి. అడిగేటోళ్లు లేరు. నాకు నేను చెప్పుకుంటే తప్పు వచ్చిన కాడ నేనే మాఫీ చేసుకునేది. పదిహేను దినాలు చూసి, ఒక ఆయితారం అమ్మ ఇచ్చిన పచ్చడి సీసా పట్టుకుని కోదాడ బస్సెక్కిన. దిగినంక వాళ్ల ఊరికి నడిచిన. వదినె నిండు నెలలతోటి గోడకు ఆనుకుని కూసున్నది. నన్ను చూసి మొదలు అడిగింది నా బాగోగులు కాదు.

"ఎన్ని పాఠాలయ్యాయి?"

మూడు పాఠాలు ఒప్పజెప్పేసరికి వాళ్లమ్మ వంటింట్లకెల్లి వచ్చి, "అబ్బాయ్, మా పిల్లని చూడ్డానికొచ్చావా, చదువుకోడానికొచ్చావా? దాన్ని కాస్త నడుం వాల్చనివ్వు" అని కసిరింది. వదినె, "ఉండమ్మా, ఇంకొక్కటే" అన్నది.

పరీక్షల ఎన్నడూ చూడని పేరా ఒకటి ఇచ్చి ప్రశ్నలడిగిన్రు. పుస్తకంల లేనిది అడిగిన్రని పిలగాండ్లు గొణిగిన్రు. ఒకడు కాయితం బోర్లించి కూసున్నడు. నేను ఎవరు, ఎవరిని, ఎప్పుడు, ఎందుకు అని వదినె లెక్క అడుక్కుంట పోయిన. యాభై రెండు మార్కులొచ్చినయి. క్లాసుల మొదటివాణ్ణి.

సారు నన్ను నిలబెట్టి, "పద్నాలుగు నుంచి యాభై రెండుకు ఎట్లా వచ్చావో అందరికీ చెప్పు" అన్నడు.

ఇంగ్లీషు అక్షరం తెల్వని వదినె దగ్గర నేర్చుకున్నన్న మాట బయటపెట్టలే. నవ్వుతరని భయం. "తెల్లారగట్ల లేచి గట్టిగ చదివిన సార్" అన్న.

ఇగ చూడాలె తమాషా. పై జమాతు తరగతులు మొదలైనంక ఏ వీధి చూసినా తెల్లారగట్ల అరుపులే. కోళ్లు కూయబోయి ఆగినట్టుండేది. నాయిన నడుముకు చేతులు పెట్టుకుని వాకిట్ల నిలబడి, "మా వానిని సూసి నేర్సుకుంటున్రు" అని పోయేటోళ్లకు చెప్పేటోడు. మూడు నెలల పరీక్షల సగం మంది తప్పిన్రు. గొంతులు బొంగురుపోయి సార్‌కు జవాబు కూడ చెప్పలేని స్థితి. సారు పేపర్లు పంచుకుంట, "అరుస్తున్నారు కదరా అందరూ, ఏమైంది?" అని వాపోయిండు. నాకు కూసున్న కాడ ముండ్లున్నట్టయింది.

బడి వదిలినంక సారు గొడుగు తీసుకునే దాక ఆగి నిజం చెప్పిన. ఆయన గొడుగు మళ్ల బల్ల మీద పెట్టిండు.

"ముందే ఏడిస్తే నీ సొమ్మేం పోయిందిరా! ముప్పై గొంతులు పాడుచేశావు."

మరునాటి నుంచి మమ్మల్ని ఇద్దరిద్దరిని ఎదురెదురుగ కూసోబెట్టి, పుస్తకం మూసి ఒకరికొకరు తెలుగుల చెప్పుకొమ్మన్నడు. తర్వాత ఇంగ్లీషుల. చింతగింజల ముచ్చట కూడ అడిగి తెలుసుకుని, అవి తెమ్మన్నడు. మొదట్ల సంత లెక్క గోల. సారు తల పట్టుకునుడు మాత్రం తగ్గలే. కాని ఆ ఏడు పరీక్షల తప్పినోళ్లు తక్కువ.

నాయిన దగ్గరికి కూడ సారే వచ్చి, మీ కోడలు చదివించిందట అని చెప్పిండు. నాయిన నవ్వి, "ఆమెకేమొస్తది సారూ ఇంగ్లీషు? నేను పొద్దుగాల లేపిన, వాడు సదివిండు" అన్నడు. చనిపోయేదాక ఆ మాట మీదనే ఉన్నడు.

ఆ మూడు నెలల పరీక్షలయినంక వదినె ఆడపిల్లను ఎత్తుకుని కోదాడ నుంచి తిరిగొచ్చింది. బిడ్డను కాళ్ల మీద పండబెట్టుకుని నూనె పెడ్తుంటే ఎదురుగ కూసోని, క్లాసుల అబద్ధం ఆడిన సంగతి చెప్పిన. తిడ్తదనుకున్న. ఆమె బిడ్డ అరికాలు రుద్దుకుంట, "నా పేరు చెప్పకపోతే పోనీలే. తెలియక ఆ పిల్లలు గొంతులు చించుకున్నారు చూడు, అది తప్పు" అన్నది. బిడ్డ ఏడ్వబట్టింది. దాన్ని బోర్లించి వీపుకు నూనె రాసుకుంట, "కొత్త పుస్తకం చదువుతున్నావా? రేపటి పాఠం దేని గురించి?" అని అడిగింది.

"ఇంకా చదవలే వదినె."

"మరి కూర్చున్నావేం? పోయి చదువుకుని రా."