సర్దార్‌కు రాసిన వయసు

సర్దార్‌కు రెండు వయసులుండేవి. తల్లికి తెలిసినది ఒకటి, స్టాంపు కాగితం మీద ఉన్నది ఒకటి.

తండ్రి ఖాజా మొహిద్దీన్ పుంగనూరులో ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాడు. డెబ్బై ఐదులో మదనపల్లె దగ్గరి నూలు మిల్లువాళ్లు బాల్ బ్యాడ్మింటన్ టీము కట్టారు. సర్దార్ కొడితే ఆ పసుపు ఉన్ని బంతి పిట్టలా లేచి రాయిలా పడేది. అతనికి మిల్లులో పని ఇస్తామని, ఎనిమిదేళ్లు ఇంకెవరికీ ఆడకూడదని బాండు రాశారు. సంతకానికి పద్దెనిమిది నిండాలన్నారు. పిల్లవాడికి పదహారే. నోటరీ ముందు తండ్రి పద్దెనిమిదని ప్రమాణం చేసి వేలిముద్ర వేశాడు. ఆ రోజు ఇంట్లో సేమ్యా పాయసం వండుకున్నారు.

పగలు ఊపిరి నిండా దూది, సాయంత్రం కాళ్ల నిండా ఎర్రమట్టి. అలా ఆరేళ్లు రాలిపోయాయి.

కుప్పం పోటీల్లో రైల్వే కోచ్ ఒకాయన సర్దార్ ఆట చూశాడు. ఉద్యోగం ఇస్తామన్నాడు. నెలాఖరులోగా మిల్లు నుంచి విడుదల కాగితం తెమ్మన్నాడు. పాతికేళ్లు దాటితే తీసుకోరట. బాండు తీరేనాటికి కాగితం మీద సర్దార్‌కు ఇరవై ఆరు వస్తాయి. ఇప్పుడు పోకపోతే ఇక పోయేది లేదు.

మేనేజరు సుబ్రహ్మణ్యాన్ని మూడుసార్లు అడిగాడు. ఓనరు ఒప్పుకోడని ఆయన మూడుసార్లూ పంపేశాడు. నాలుగోసారి తండ్రి కూడా వెంట వచ్చాడు. కళాయి పొగకు ఎర్రబడిన కళ్లతో, టేబులు ముందు చెప్పులు విడిచి నిలబడ్డాడు.

"ఆ పొద్దు వీనికి పదారేండ్లే సార్. నేనే అబద్ధం సెప్పినా. మైనరు పిల్లోడి సంతకం సెల్లదని వకీలు సెప్పినాడు. వీణ్ణి ఇడిసిపెట్టండి."

మేనేజరుకు కోపం రాలేదు. సొరుగులోంచి పాత కాగితం తీసి, వేలిముద్ర పైకి కనిపించేలా పెట్టాడు.

"మొహిద్దీనప్పా, ఇది అబద్ధమైతే పిల్లోడు బయటికి పోతాడు, నువ్వు లోపలికి పోతావు. పోలీసులకు రాయమంటావా?"

"రాయండి సార్. జైల్లోనూ గిన్నెలు ఉంటాయి గదా. కళాయి పూసుకుంటా ఉంటా."

నవ్వబోయాడు. దగ్గు వచ్చి నవ్వును మింగేసింది. కూలబడకుండా టేబులు అంచు పట్టుకున్నాడు.

మేనేజరు సర్దార్ వైపు తిరిగాడు. "నువ్వు చెప్పబ్బా. ఆ పొద్దు నీకెన్నేండ్లు?"

గోడ అవతల యంత్రాల హోరు. సర్దార్ తండ్రి వేళ్లను చూశాడు. గోళ్లు కాలి నల్లబడ్డాయి. ఒక్క మాట చెబితే రైలు ఎక్కవచ్చు.

"పద్దెనిమిది సార్," అన్నాడు. "మా నాయనకు వయసైంది. ఏం మాట్లాడతాండాడో ఆయనకే తెలీదు."

తండ్రికి చెప్పులు వేసుకోవడానికి చాలాసేపు పట్టింది. బస్టాండు దాకా ఇద్దరూ ఎడంగా నడిచారు. పుంగనూరు బస్సు కదిలాక కిటికీలోంచి ఆయన కొడుకు వైపు చూడలేదు.

పొద్దు వాలుతోంది. సర్దార్ ప్రాక్టీసుకు వెళ్లాడు. ఇంకా రెండేళ్లు ఆడాలి.